ఓడ కదలక ముందే దిగిపోయే చుట్టాల్ని ఓడలో వేడుకకి పిలవడం ఎలా

మా మేనకోడలి పెళ్లి రిసెప్షన్ టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవులో, ఓడ బయల్దేరక ముందు, ఓడలోనే చేశాం. పిలుపుల బాధ్యత మేనమామగా నేను తీసుకున్నాను. అప్పట్నుంచి హ్యూస్టన్ చుట్టుపక్కల ఎవరింట్లో ఇలాంటి ఆలోచన వచ్చినా నాకు ఫోన్ చేస్తున్నారు. "ప్రయాణం చెయ్యని వాళ్లని కూడా లోపలికి పిలవొచ్చట కదా, ఎలాగండీ?" అని అడుగుతున్నారు. ఫోన్లో చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను. హ్యూస్టన్ పక్కనున్న పియర్లాండ్ నుంచి గాల్వెస్టన్ వెళ్లే మాలాంటి వాళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నా, ఫ్లోరిడా రేవులు మయామీలోనో పోర్ట్ కెనావెరల్‌లోనో చేసుకునేవాళ్లకి కూడా చాలావరకు పనికొస్తుంది.

పిలవొచ్చు. కార్నివాల్, రాయల్ కరీబియన్ లాంటి ఓడ కంపెనీల్లో పెళ్లిళ్లు చూసుకోవడానికే విడిగా మనుషులుంటారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఆ ఓడలో గది బుక్ చేసుకుని ప్రయాణం చెయ్యాలి. మిగతావాళ్లలో ఇష్టమైనవాళ్లు టికెట్ కొనుక్కుని వెళ్తారు. టికెట్ లేని అతిథులు ఓడ రేవులో కట్టేసి ఉండగానే లోపలికొచ్చి, వేడుక చూసి, కాస్త ఏదో తిని, ఓడ కదలక ముందే దిగిపోతారు. అయితే ఇది కంపెనీ పెళ్లి ప్యాకేజీ తీసుకున్నవాళ్లకే. మామూలుగా టికెట్ కొనుక్కున్న మనిషి "మా అమ్మానాన్నల్ని లోపలికి తీసుకెళ్లి గది చూపిస్తాను" అంటే కుదరదు.

ఒకప్పుడు కుదిరేదట. సాగనంపడానికి వచ్చినవాళ్లు ఓడెక్కి, గదుల్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే, బయల్దేరే వేళకి ఓడ మనిషి గంట వాయిస్తూ "దిగేవాళ్లు దిగండి" అని తిరిగేవాడు. 1985 అక్టోబరులో ఆకిలే లారో అనే ఇటలీ ఓడని సాయుధులు హైజాక్ చేశాక తనిఖీలు బిగిశాయి. 2001 సెప్టెంబరు 11 తర్వాత ఓడలకీ రేవులకీ కలిపి అంతర్జాతీయ భద్రతా నియమావళి తయారై, 2004 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు అన్నది ఒక్కొక్క మనిషి లెక్కన తేలాల్సిందే. కింద చెప్పే గడువులన్నీ ఈ లెక్క కోసమే. ఇది అర్థమైతే కౌంటర్ దగ్గర ఎవరితోనూ వాదించబుద్ధి కాదు.

ఇంత శ్రమ ఎందుకు పడాలి

మనవాళ్లకి ఈ పద్ధతి చాలా అవసరం. హ్యూస్టన్‌లో ఏ తెలుగు కుటుంబాన్ని తీసుకున్నా, దేశం దాటలేని మనిషి ఒక్కరైనా ఉంటారు. హెచ్-1బీ మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిన తమ్ముడు ఉంటాడు. మెక్సికో మాత్రమే వెళ్లి ముప్పై రోజుల్లోపు తిరిగొచ్చే వాళ్లకి కొన్ని షరతుల మీద వెసులుబాటు ఉంది కానీ, జమైకా, కేమన్ దీవులు తగిలే ఓడల్లో హెచ్-1బీ వాళ్లకి అది వర్తించదు. గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తూ, దేశం దాటి తిరిగి రావడానికి కావాల్సిన అడ్వాన్స్ పరోల్ కాగితం ఇంకా చేతికి రాని వదిన ఉంటుంది. ఆవిడ్ని లాయరు ఎటూ కదలొద్దంటాడు. ఇరవై నాలుగు వారాలు నిండిన గర్భిణుల్ని, ఆర్నెల్లు నిండని పసిపిల్లల్ని ఓడ కంపెనీలు మామూలుగా ప్రయాణానికి ఎక్కించుకోవు. ఇక పెద్దవాళ్లు. వారం రోజులు నీళ్ల మీద అంటేనే మా పెద్దమ్మ చేతులు అడ్డంగా ఊపేసింది.

వీళ్లందరూ రేవులో కట్టేసిన ఓడలోకి రావొచ్చు. గాల్వెస్టన్‌లో ఆగి ఉన్న ఓడ ఎక్కి దిగితే అమెరికా వదిలి వెళ్లినట్టు కాదు. ఈ ఒక్క మాట మీరు పిలిచేటప్పుడు గట్టిగా చెప్పాలి. స్టాంపు లేని కుర్రాడు భయంతో "నేను రాలేను అన్నయ్యా" అనేస్తాడు, కారణం కూడా పైకి చెప్పడు. మీరే ముందుగా ఆ సంగతి ఎత్తి, "నువ్వు ఓడ కదలక ముందే దిగిపోతావురా, నీ స్టేటస్‌కి దీనికీ సంబంధం లేదు" అని ధైర్యం చెప్పండి. గర్భిణుల విషయం, పసిపిల్లల విషయం మాత్రం కంపెనీ వాళ్లని విడిగా అడిగి, ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి. మాకు ఒప్పుకున్నారు.

ముహూర్తం ఓడతో ముడిపెట్టకండి

నా మాట వింటే పెళ్లి గుడిలో చేయండి, ఓడలో దండలు, ఉంగరాలు, రిసెప్షన్ పెట్టుకోండి. మేం అలాగే చేశాం. పియర్లాండ్ మీనాక్షి గుడి నుంచి గాల్వెస్టన్ సుమారు గంట ప్రయాణం. గుడిలో ముందురోజు ముహూర్తం, మర్నాడు ఓడ.

ఇందుకు కారణాలు గట్టివే. ఓడలో నిప్పు వెలిగించనివ్వరు. హోమం లేదు, దీపం లేదు, అగరుబత్తి కూడా లేదు. కొవ్వొత్తులు, అగరుబత్తులు నిషేధ జాబితాలోనే ఉంటాయి. అగ్నిసాక్షి కావాలనుకునే పెద్దలకి ఓడలో పెళ్లి పెళ్లిలా అనిపించదు. రెండోది, అంతకంటే ముఖ్యమైనది: వేడుక ఎప్పుడు మొదలవుతుందో ఓడ చేతిలో కూడా పూర్తిగా ఉండదు. ఓడ పొద్దున్నే రేవుకి వస్తుంది. పాత ప్రయాణికులు దిగుతారు, కస్టమ్స్ తనిఖీ అవుతుంది. ఆఖరి పాత ప్రయాణికుడు దిగేదాకా కొత్తవాళ్లని ఒక్కర్ని కూడా ఎక్కించరు. టెర్మినల్లో పనిచేసేవాళ్లు దీన్ని జీరో కౌంట్ అంటారు. ఒక్క పాత ప్రయాణికుడు గదిలోంచి రాకపోయినా, ఎవరో ఒకరి కాగితాలు తేలకపోయినా, బయట మీ పెళ్లివారంతా నిలబడాల్సిందే. పదకొండు ఇరవైకి ముహూర్తం అని శుభలేఖ వేసి, జీరో కౌంట్ కోసం పురోహితుడు వాచీ చూసుకుంటూ కూర్చోవడం ఎవరికీ మంచిది కాదు.

మూడోది పొగమంచు. డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా ఓడలు రేవులోకి వచ్చే నీటిదారి, గాల్వెస్టన్ ఛానెల్ మీద పొగమంచు కమ్మితే రేవు మూసేస్తారు. ఓడ సముద్రంలోనే ఆగిపోతుంది. కొన్నిసార్లు గంటలు, కొన్నిసార్లు రోజు దాటుతుంది. అప్పుడు ఆలస్యంగా వచ్చిన ఓడ హడావిడిగా తిరిగి బయల్దేరుతుంది, టికెట్ లేని అతిథుల కార్యక్రమం ముందుగా ఎగిరిపోతుంది. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపాన్ల కాలం. ఏప్రిల్, మే నెలలు నాకు మేలనిపిస్తాయి. ఎప్పుడు పెట్టుకున్నా, ఓడ రాకపోతే అదే రోజు అందరూ కలుసుకోవడానికి గాల్వెస్టన్‌లోనో క్లియర్ లేక్‌లోనో ఒక హాలు మాట్లాడి ఉంచండి. అడ్వాన్స్ పోయినా పర్వాలేదు. పెళ్లి గుడిలో అయిపోయి ఉంటుంది కాబట్టి ఇక టెన్షన్ ఉండదు.

చట్టం ప్రకారం పెళ్లి లైసెన్సు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. టెక్సస్‌లో కౌంటీ క్లర్కు ఆఫీసుకి ఇద్దరూ వెళ్లి తీసుకోవాలి. తీసుకున్నాక 72 గంటలు ఆగాలి, 90 రోజుల్లోపు పెళ్లి చేసుకోవాలి. హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో తీసుకున్న లైసెన్సు గాల్వెస్టన్‌లో కూడా చెల్లుతుంది. పెళ్లిళ్లు జరిపించడానికి గుడి అధికారం ఇచ్చిన పూజారి గారు సంతకం చేయవచ్చు. మేం ఆ సంతకం గుడిలోనే చేయించుకున్నాం. ఓడలోనే చేయించాలనుకుంటే, ఎవరు జరిపిస్తారో కంపెనీ వాళ్లతో ముందే తేల్చుకోండి. చాలావరకు వాళ్లే ఒకర్ని ఏర్పాటు చేస్తారు.

పేర్ల పట్టీ

అసలు పని ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

మన శుభలేఖల్లో "సకుటుంబ సపరివార సమేతంగా" అని వేస్తాం. ఓడ పిలుపులో ఆ వాక్యం తీసేయండి. ఇక్కడ పిలిచేది కుటుంబాన్ని కాదు, పేరున్న మనిషిని. పట్టీలో పేరు లేకపోతే ఎంత దగ్గర చుట్టమైనా టెర్మినల్ గుమ్మం దాటలేరు. కంపెనీ ఇచ్చే గడువు తేదీ, వేడుకకి కొన్ని వారాల ముందే ఉంటుంది. దానికంటే రెండు వారాల ముందు మీ సొంత గడువు పెట్టుకోండి, చుట్టాలకి అదే ఆఖరి తేదీ అని చెప్పండి. ఎంతమందిని రానిస్తారన్నది ఓడని బట్టి, హాలుని బట్టి మారుతుంది. తలకి ఇంత అని డబ్బు తీసుకుంటారు కాబట్టి ఆ లెక్క కూడా ముందే అడగండి.

మనకి పిలుపు అంటే ఇంటికెళ్లి బొట్టు పెట్టి పిలవడం. అది మానొద్దు. బొట్టు పెట్టి, శుభలేఖ చేతిలో పెట్టి, కూర్చుని కాఫీ తాగుతూ ఆ పూటే ఐడీలు చూసి రాసుకోండి. "మీ లైసెన్సు ఒకసారి ఇస్తారా బావగారూ, పేరు అందులో ఉన్నట్టే రాయాలిట" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. నేను ఫోన్లో చెప్పించుకోలేదు, వాట్సాప్‌లో ఫొటోలు అడగలేదు. ఫోన్లో పేరు చెప్పమంటే మనవాళ్లు పిలిచే పేరు చెప్తారు. ఐడీల ఫొటోలు ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కి తిరగడం కూడా మంచిది కాదు.

మన పేర్ల తంటా చిన్నది కాదు. మా బావగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు, తర్వాత మూడు పేర్లు, అన్నీ పూర్తిగా ఉన్నాయి. టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సులో మధ్య పేర్లలో ఒకటి లేదు. ఇంట్లో ఆయన్ని పిలిచేది ఈ రెండింట్లో లేని పేరు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల పాస్‌పోర్టుల్లో కొన్నిసార్లు పేరంతా ఒకే గడిలో ఉంటుంది, వీసా మీద పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని వస్తుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు ఒక కాగితంలో మారి ఇంకోదాంట్లో మారని ఆడవాళ్లు ఎందరో. దీనికి నేను పెట్టుకున్న పద్ధతి ఒక్కటే: ప్రతి మనిషీ ఆ రోజు ఏ ఐడీ చూపిస్తారో ఇప్పుడే ఎంచుకోవాలి, ఆ ఐడీలో అక్షరం అక్షరం ఎలా ఉందో అలాగే పట్టీలో రాయాలి, ఆ రోజు ఆ ఐడీనే తేవాలి. నా షీట్‌లో "ఏ ఐడీ" అని విడిగా ఒక గడి పెట్టాను. అందులో "లైసెన్సు" అనో "ఇండియా పాస్‌పోర్టు" అనో ఉంటుంది. పక్కన గడువు తేదీ. గడువు తీరిన ఐడీ చెల్లదు, అది రేవు దగ్గర తెలిస్తే చేయగలిగింది ఏమీ లేదు.

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకి పాస్‌పోర్టే ఐడీ. ఆధార్ కార్డు తెస్తామంటారు, అది చూపించొద్దని చెప్పండి. పిల్లలకి పుట్టిన సర్టిఫికెట్టో పాస్‌పోర్టో అడుగుతారు. మాకు పేరుతోపాటు పుట్టిన తేదీ, పౌరసత్వం కూడా అడిగారు. ఇక్కడ తేదీ రాసే పద్ధతిలో నెల ముందొస్తుంది. ఇండియా పాస్‌పోర్టులో రోజు ముందుంటుంది. 05/08 అని రాస్తే మేనా ఆగస్టా? నెలని అక్షరాల్లో రాసుకోండి.

ఇంట్లో దిగిన అతిథుల్ని కూడా అప్పుడే అడగాలి. "ఆ వారం మా అత్తగారు, మామగారు వస్తున్నారు" అని చివర్లో తెలుస్తుంది. మన పద్ధతిలో వాళ్లని ఇంట్లో వదిలి రావడం మర్యాద కాదు. కాబట్టి పిలిచేటప్పుడే "ఆ తేదీకి మీ ఇంట్లో ఎవరెవరుంటారు వదినా?" అని అడిగి, అనుమానం ఉన్నవాళ్ల పేర్లు కూడా ఇచ్చేయండి. ఇచ్చిన పేరు రాకపోతే ఫర్వాలేదు. ఇవ్వని పేరు చేర్చడం దాదాపు అయ్యే పని కాదు.

పంపాల్సిన మెసేజ్

నోటితో ఎంత చెప్పినా, ముందు వారం ఒక మెసేజ్ పంపాలి. పొడుగ్గా రాస్తే ఎవరూ చదవరు. నేను పంపింది ఇలా ఉంటుంది, మీకు తగ్గట్టు మార్చుకోండి:

"నమస్కారమండీ. శనివారం రిసెప్షన్ గాల్వెస్టన్ రేవులో ఆగి ఉన్న ఓడలో. మనం ఓడ కదలక ముందే దిగిపోతాం, ఎవరూ టికెట్ కొనక్కర్లేదు. పదింటికల్లా మా ఇంటి నుంచి బస్సు బయల్దేరుతుంది. మీరు చూపించాల్సిన ఐడీ: లైసెన్సు. అదే తెచ్చుకోండి. పెట్టెలు, ఇంటి వంటలు, అగరుబత్తులు, చాకులు, మద్యం సీసాలు వద్దు. చదివింపులు కవర్లో పెట్టి ఇవ్వండి. రెండున్నరకి అందరం ఓడ దిగిపోవాలి, ఆలస్యం కుదరదు. టిఫిన్ ఎనిమిదింటి నుంచి మా ఇంట్లోనే."

"మీరు చూపించాల్సిన ఐడీ" అన్నచోట ఎవరిది వాళ్లకి మార్చి పంపాను. గ్రూపులో ఒక్క మెసేజ్ పడేస్తే పని అవదు. ఎవరి లైన్ వాళ్లకి కనిపిస్తేనే చేత్తో ఆ కార్డు తీసి పర్సులో పెట్టుకుంటారు.

టెర్మినల్ నంబరు చూసుకోండి. గాల్వెస్టన్‌లో హార్బర్‌సైడ్ డ్రైవ్ పొడుగునా టెర్మినల్ 10, 25, 28 లాంటివి వేర్వేరు చోట్ల ఉన్నాయి. 10 నంబరుది 2022 నవంబరులో తెరిచారు. పదో టెర్మినల్ దగ్గర దిగిన మనిషి 25 దగ్గరికి పట్టుచీరతో, ఆ వేడిలో నడవలేరు. ఓడలు దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు కలిసి శనివారం, ఆదివారం ఆ రోడ్డంతా కిక్కిరిసి ఉంటుంది. పార్కింగ్ కూడా ముందే డబ్బు కట్టి పెట్టుకునేది. అందుకే మేం బస్సు మాట్లాడాం. ఎవరి కార్లలో వాళ్లు వస్తే మీరు వేడుక చూసుకోరు, ఫోన్లో దారులు చెప్పుకుంటూ కూర్చుంటారు.

ఆ రోజు

టెర్మినల్ గుమ్మం దగ్గర మీ తరఫున ఒక మనిషి పట్టీ కాగితం మీద పట్టుకుని నిలబడాలి. పెళ్లికూతురి అమ్మానాన్నలకి ఆ పని అప్పజెప్పకండి. వాళ్లు ప్రయాణం చేసేవాళ్లయితే వాళ్ల వరస వేరు, వాళ్లు అటు వెళ్లిపోతారు. టికెట్ లేని అతిథులకి విడిగా ఒక చోట చెప్తారు, అక్కడ అందరూ ఒకేసారి ఉండాలి. ఓడ మనిషి వచ్చి గుంపుగా తీసుకెళ్తాడు. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం ఆయన మళ్లీ రావాలి, ఒక్కోసారి రాడు. మా ఐడీలు చూసి, పట్టీతో పోల్చి, విజిటర్ బ్యాడ్జి ఇచ్చారు. ఆ బ్యాడ్జి పోగొట్టుకుంటే దిగేటప్పుడు లెక్క తేలదు. పెద్దవాళ్ల బ్యాడ్జీలు పక్కనున్న పిల్లల చేతికి కాకుండా, వాళ్ల చీరకే పిన్నుతో పెట్టండి.

తనిఖీ విమానాశ్రయంలో లాంటిదే. బ్యాగులు ఎక్స్-రేలోంచి వెళ్తాయి, మనుషులు మెటల్ డిటెక్టర్ దాటాలి. మన ఆడవాళ్లు పెళ్లికి వచ్చినట్టే వస్తారు కదా. వడ్డాణం, అరవంకీలు, చేతి నిండా గాజులు, జడలో పిన్నులు. ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి చేతి డిటెక్టర్‌తో చూస్తారు. అందులో తప్పేమీ లేదు, కంగారు పడొద్దని ముందే చెప్పండి. వడ్డాణం మాత్రం సంచిలో తెచ్చుకుని లోపలికెళ్లాక పెట్టుకోమనండి. ఇలా చెప్పినవాళ్లు గబగబా దాటేశారు. మొత్తం మీద పెళ్లివారి గుంపుకి మామూలుగా పట్టే సమయం కంటే అరగంట ఎక్కువ వేసుకోండి.

ఓడలోకి వెళ్లే వంతెన పొడుగ్గా, ఏటవాలుగా ఉంటుంది. నీటి మట్టాన్ని బట్టి వాలు మారుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి చక్రాల కుర్చీ కావాలంటే ముందే అడగండి, కుదిరితే సొంతది తీసుకెళ్లండి. అక్కడివి ముందు ప్రయాణికులకి వెళ్తాయి. పెద్దమ్మకి మేం ఇంటి నుంచే కుర్చీ తీసుకెళ్లాం, ఆవిడ అందరికంటే ముందు హాల్లోకి వెళ్లి కూర్చుంది.

లోపలికెళ్లాక అతిథులు హాలు దాటి తిరగడానికి లేదు. పైనున్న ఈతకొలను, బఫే చూసొద్దామని పిల్లలు లాగుతారు. వద్దని చెప్పాలి. ఓడ మనిషి తీసుకొచ్చిన చోటే ఉండి, ఆయనతోనే తిరిగి వెళ్లాలి.

అక్షింతల విషయం చాలామంది అడుగుతారు. బియ్యం, పూలరేకులు, కాగితం ముక్కలు చల్లడానికి ఒప్పుకోరు. మేం అక్షింతలు గుడిలో వేయించేశాం. ఓడలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు పెద్దల్లో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి వంగారు, పెద్దలు తల మీద చెయ్యి పెట్టి దీవించారు. వరసలో నిలబెట్టి ఫొటోలు తీయించడం కంటే ఇది బాగుంది. పెద్దవాళ్లు కదలక్కర్లేదు, హడావిడి లేదు, అందరికీ ఒక నిమిషం దొరికింది. స్టాంపు గడువు తీరిందని కుంగిపోయి ఉన్న మా పెద్దమ్మ కొడుకు కూడా అక్కడే ఉన్నాడు, మేనకోడలి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఇంత పట్టీలు, ఇన్ని ఫోన్లు అందుకోసమే.

తిండి విషయం త్వరగా చెప్తాను. రిసెప్షన్‌లో ఓడ వాళ్లు పెట్టేవి చిన్న చిన్న పలహారాలు, కేకు. భోజనం కాదు. శాకాహారం కావాలంటే ముందే రాసి ఇవ్వాలి. ఉల్లి, వెల్లుల్లి తినని పెద్దలకి అక్కడ ఏదీ నమ్మకంగా పెట్టలేం. ఇంటి వంట లోపలికి రానివ్వరు. అందుకే పొద్దున ఇంట్లో ఇడ్లీ, పెసరట్టు, కాఫీ కడుపు నిండా పెట్టి బయల్దేరదీయండి. దిగాక బస్సులోనే పులిహోర, దద్దోజనం డబ్బాలు సిద్ధంగా ఉండాలి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లున్నారని గుర్తుపెట్టుకోండి.

ఇండియాలో ఉన్నవాళ్లకి వీడియో చూపించాలంటే సమయం లెక్క వేసుకోండి. వేసవిలో ఇక్కడ మధ్యాహ్నం పన్నెండు అయితే అక్కడ రాత్రి పదిన్నర. చలికాలంలో పదకొండున్నర. ఓడ ఇనుప గోడల లోపల ఫోన్ సిగ్నల్ సరిగా రాదు. ఓడ వైఫై ప్రయాణికులు కొనుక్కునేది కాబట్టి, ప్రయాణం చేసే వాళ్లలో ఒకరి ఫోన్ నుంచి చూపించడం మేలు.

దిగే వేళ

రెండున్నర అంటే రెండున్నరే. ఎందుకో అతిథులకి చెప్పండి, అప్పుడు వాళ్లే లేస్తారు. అమెరికా రేవు నుంచి వెళ్లే ఓడ, తనలో ఉన్న ప్రయాణికుల పట్టీని బయల్దేరడానికి కనీసం 60 నిమిషాల ముందు ప్రభుత్వానికి పంపాలి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయాక నియమాలు మార్చారు. 2015 నుంచి ప్రయాణికులందరికీ ప్రమాద సమయంలో ఎక్కడికి చేరాలో చెప్పే డ్రిల్లు, ఓడ బయల్దేరే ముందో బయల్దేరిన వెంటనేనో అయిపోవాలి. అంతకుముందు 24 గంటల వ్యవధి ఉండేది. ఇవి రెండూ నడవాలంటే టికెట్ లేని ప్రతి మనిషీ దిగినట్టు లెక్క తేలాలి. అందుకే రెండింటికి ఫొటోలు ఆపేయాలి. మన ఫొటోగ్రాఫర్లకి ఈ మాట రాతపూర్వకంగా చెప్పండి, వాళ్ల పేరు కూడా అతిథుల పట్టీలో ఉండాలని మరిచిపోవద్దు.

పెళ్లికూతురితో వీడ్కోలు హాల్లోనే, తీరిగ్గా చెప్పించండి. వంతెన దగ్గర నిలబడి ఏడవడానికి చోటుండదు, వెనక మనుషులు వస్తుంటారు. రెండింటికి ఒక పావుగంట కేవలం దీనికే పెట్టుకోండి.

దిగాక ఓడ వెళ్లడం చూడాలనుకునేవాళ్లకి రెండు మంచి చోట్లున్నాయి. పెలికన్ దీవి చివర సీవుల్ఫ్ పార్కు ఒకటి. కావల్లా అనే పాత జలాంతర్గామి ఉండేది అక్కడే. ఓడ ఆ పక్కగానే వెళ్తుంది. ఇంకోటి గాల్వెస్టన్ నుంచి బొలివర్‌కి వెళ్లే ఫెర్రీ, అది ఉచితం. డాల్ఫిన్లు కూడా కనిపిస్తాయి. అలసిపోయిన పెద్దవాళ్లని మాత్రం అక్కడిదాకా లాగకుండా, నేరుగా ఇంటికి పంపే కారు ఒకటి ఉంచండి. ఆదివారమైతే ఐ-45 హైవే మీద హ్యూస్టన్ వైపు సాయంత్రం ట్రాఫిక్ ఎక్కువ.

ఆఖరిది, చదివింపుల సంచి. కవర్లు, వెండి సామాన్లు, గుడి నుంచి తెచ్చిన పసుపు కుంకాలు, ఇవన్నీ వారం పాటు ఓడ గదిలో పెట్టుకోవడం మంచిది కాదు. ఇంటికి వెళ్లే వాళ్లలో నమ్మకమైన మనిషిని ముందే అనుకుని, హాల్లో అందరి ముందూ సంచి వాళ్లకి అప్పగించండి. ఎవరి చేతికి ఇచ్చారో పెళ్లికూతురి అమ్మకి ఒక మెసేజ్ పెట్టండి. ఓడ ఛానెల్ దాటాక ఆవిడ ఫోన్‌కి సిగ్నల్ అందదు, కాబట్టి నాలుగింటి లోపే పెట్టండి.